షోలాపూర్ నేతలో మెత్తదనం

పసిబిడ్డ ఒంటికి తగిలే బట్టకు దక్కన్‌లో ఉన్ని కంటే నూలే ఎక్కువగా అక్కరకొచ్చింది. దీనికి మూలం ఇక్కడి గొర్రెలో ఉంది. దక్కని గొర్రె ఉన్ని మోటుది. ఉన్ని పోగు మందం సుమారు 30 మైక్రాన్లు దాటితే దాని కొన చర్మానికి ఆనినప్పుడు వంగదు, గుచ్చుకుంటుంది. ఎంత ఉతికినా ఆ పోగు సన్నబడదు. మహారాష్ట్రలోని షోలాపూర్ ప్రాంతంలోనూ, తెలంగాణ పల్లెల్లోనూ నేసే గొంగడికి చింతగింజల గంజి పట్టించి మరింత బిరుసు చేస్తారు. వానలో, చలిలో కాపరిని కాచేది ఆ బిరుసే. చంటిబిడ్డకు మాత్రం అది పనికిరాదు. చేత్తో అల్లిన ఉన్ని చొక్కా తొడగాలంటే మెరినో వంటి సన్న ఉన్ని ఎంచుకోవాలి, లేదా లోపల నూలు చొక్కా వేయాలి. పత్తి పోగు మందం సాధారణంగా 20 మైక్రాన్ల లోపే ఉంటుంది. అందుకే అది గుచ్చుకోదు.

షోలాపూర్‌ను నూలు నగరంగా నిలబెట్టినవారిలో తెలుగు పద్మశాలీలు ముఖ్యులు. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వారు ఈ ఊరికి చేరారు. 1860లో రైలు రావడంతో నూలు దిగుమతి, బట్టల ఎగుమతి తేలికయ్యాయి. 1876-78 కరువు ఎందరిచేతనో పల్లెలు విడిపించింది. షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1870లలోనే మొదలై, తర్వాత మరికొన్ని మిల్లులకు దారి చూపింది. ఊరికి తూర్పున సాఖర్ పేట, భవానీ పేట వంటి వాడల్లో మగ్గాలు నిండాయి. సొంత మగ్గం లేనివారు కార్ఖానాదారుల దగ్గర అసామీలుగా కూలికి నేశారు. కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం ఇంటిల్లిపాదీ చేసే పని. కులదైవమైన మార్కండేయుడి రథం శ్రావణ పౌర్ణమికి ఈనాటికీ ఊరేగుతుంది.

తొలి తరాలు ఎక్కువగా నేసింది నూలు చీరలు. నేతకు ముందు పడుగుకు గంజి పట్టించాలి. లేకపోతే అచ్చు దెబ్బలకు, రాపిడికి పోగులు తెగిపోతాయి. కాబట్టి మగ్గం దిగిన కొత్త చీర గరుకుగానే ఉంటుంది. ఉతికేకొద్దీ గంజి పోతుంది, పోగుల బిగువు సడలుతుంది, నేత మెత్తబడుతుంది. పసిపిల్లల పొత్తిళ్లకూ ఊయలకూ పాత నూలు చీరనే వాడే అలవాటు ఈ గుణం వల్లే స్థిరపడింది. పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంత కూడా అలాంటిదే. పొరుగు మరాఠీ ఇళ్లలో దాన్నే గోధడి అంటారు. ఏళ్ల తరబడి వాడకమే ఇక్కడ బట్టను మెత్తబరిచింది.

20వ శతాబ్ది నడిమి దశాబ్దాల్లో చేమగ్గాల స్థానాన్ని మరమగ్గాలు ఆక్రమించాయి. చీరల నుంచి దృష్టి దుప్పట్ల మీదికి మళ్లింది. జకార్డు మగ్గంపై రంగుల నూలుతో నేసే షోలాపూర్ చద్దరు దేశమంతటా పేరు తెచ్చుకుంది. అది మన్నికకు నేసిన బట్ట. దళసరి నూలు, గట్టి నేత వల్ల ఏళ్లపాటు చిరగకుండా ఉంటుంది. మెత్తదనం దానికి ఉతుకుల మీదే వస్తుంది.

మెత్తదనాన్ని నేతలోనే పుట్టించేది టెర్రీ తువ్వాలు. ఉంగరాలు తేలిన ఈ బట్టను టర్కీలో చూసిన హెన్రీ క్రిస్టీ దాని నమూనాను ఇంగ్లండ్‌కు తీసుకెళ్లగా, శామ్యూల్ హోల్ట్ దాన్ని యంత్రంపై నేసే పద్ధతి కనిపెట్టాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో ఆ తువ్వాళ్లు జనం కంటబడ్డాయి. తర్వాత షోలాపూర్ మరమగ్గాలు ఈ నేతను అందిపుచ్చుకుని తమ రెండో ప్రధాన సరుకుగా చేసుకున్నాయి. టెర్రీ మగ్గానికి రెండు పడుగు బీములుంటాయి. ఒకటి బిగువుగా ఉండి బట్టకు గట్టి నేలనిస్తుంది. రెండోది వదులుగా సాగుతుంది. రెండు పేకలు వేసి, అచ్చును నేసిన బట్టకు కొంచెం దూరంలోనే ఆపి, మూడో పేకతో మొత్తాన్ని ముందుకు కొట్టినప్పుడు వదులు పోగులు ఉంగరాలై పైకి లేస్తాయి. ఉంగరాల నూలుకు పురి తక్కువ పెడతారు. పురి తగ్గితే పోగులు విడివిడిగా ఉండి నీటిని బాగా పీలుస్తాయి, చర్మానికి దూదిలా తగులుతాయి. మరీ తగ్గిస్తే నూలు రాలుతుంది. ఎంత పురి ఉంచాలో తెలిసి ఎంచడమే ఇందులోని నైపుణ్యం.

నేత పూర్తయ్యాక ఉతుకు మిగిలిన గంజిని తొలగిస్తుంది, ఉంగరాలు విచ్చుకుంటాయి. మెత్తబరిచే రసాయనాలు చేతికి నునుపునిచ్చినా, ఎక్కువైతే నీరు పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. కాబట్టి స్నానం చేసిన బిడ్డను తుడిచే తువ్వాలుకు పైపూతకన్నా నూలు పురి, ఉంగరం పొడవే ముఖ్యం. కొత్తదాన్ని ఒకసారి ఉతికాకే వాడటం మంచిది.

షోలాపూర్ చద్దరు, షోలాపూర్ టెర్రీ తువ్వాలు రెండింటికీ భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో అమ్మే సరుకు ఈ ప్రాంతంలోనే తయారు కావాలన్నది దాని నియమం. తెలంగాణ నుంచి వచ్చిన నేతగాళ్ల వారసులు తరతరాలుగా కూడబెట్టిన పనితనానికి ఈ విధంగా చట్ట రక్షణ దొరికింది.