లైసెన్సు ఉన్నా తుపాకీతో ప్రభుత్వ భవనంలోకి వెళ్లవచ్చా?

మన దేశంలో తుపాకీ కలిగి ఉండటం ప్రాథమిక హక్కు కాదు. ప్రభుత్వం షరతులతో ఇచ్చే అనుమతి మాత్రమే. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని సంపాదించడం, దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకువెళ్లడం నేరం. 2019 సవరణ దరిమిలా ఒక వ్యక్తి సాధారణంగా 2 తుపాకులకు మించి ఉంచుకోరాదు. లైసెన్సు గడువు 3 నుంచి 5 ఏళ్లకు పెరిగింది.

అయితే లైసెన్సు ఉన్నవారు ఆయుధంతో ఎక్కడికైనా వెళ్లవచ్చన్న అభిప్రాయం సరికాదు. 2016 ఆయుధాల నియమాల మేరకు బహిరంగ ప్రదేశాల్లో తుపాకీని బయటికి కనిపించకుండా తగిన తొడుగులో ఉంచి, తన అదుపులోనే తీసుకువెళ్లాలి. దానిని ఝళిపించడం, పేల్చడం నిషిద్ధం.

జాతరలు, మతపరమైన ఊరేగింపులు, బహిరంగ సభలకు గానీ, ప్రభుత్వ పాఠశాలలు, కళాశాలలు సహా ఏ విద్యాసంస్థ ఆవరణలోకి గానీ జిల్లా మేజిస్ట్రేట్ ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకువెళ్లరాదన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది.

పోలింగ్ కేంద్రాల విషయంలో నిబంధన మరింత కఠినం. ప్రజాప్రాతినిధ్య చట్టం 134బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున కేంద్రంలోకి గానీ, దాని సమీపానికి గానీ ఆయుధంతో వెళ్లడం నేరం. విధుల్లో ఉన్న ఎన్నికల అధికారులకు, పోలీసులకు, శాంతిభద్రతల పరిరక్షణకు నియమితులైన వారికి మాత్రమే మినహాయింపు. నేరం రుజువైతే 2 ఏళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆయుధం జప్తునకు గురవుతుంది. లైసెన్సు రద్దయినట్లే పరిగణిస్తారు.

న్యాయస్థానాల్లో తనిఖీల ఆవశ్యకతను 2021 సెప్టెంబర్ 24న ఢిల్లీలోని రోహిణి కోర్టులో జరిగిన ఘటన చాటింది. న్యాయవాదుల వేషంలో వచ్చిన ఇద్దరు దుండగులు కోర్టు గదిలోనే ఒక విచారణ ఖైదీని కాల్చి చంపారు. పోలీసుల ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ మరణించారు. అదే ఏడాది నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, న్యాయవాదులు సహా ప్రవేశించే ప్రతి ఒక్కరినీ తనిఖీ చేయాలని ఆదేశించింది.

సచివాలయం, కలెక్టరేట్ వంటి కార్యాలయాల్లో సందర్శకుల ప్రవేశం అక్కడి భద్రతా ఏర్పాట్లకు లోబడి ఉంటుంది. శాంతిభద్రతలకు ముప్పున్నప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ కింద ఒక ప్రాంతమంతటా ఆయుధాలతో సంచరించడాన్ని నిషేధించే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఉంది.

కాబట్టి ఆయుధ లైసెన్సు ప్రవేశపత్రం కాదు. ప్రభుత్వ భవనానికి వెళ్లేముందు తుపాకీని సురక్షితంగా ఇంట్లోనే భద్రపరచడం లైసెన్సుదారునికీ, అక్కడికి పనిమీద వచ్చే సామాన్యునికీ క్షేమకరం.