గచ్చిబౌలి జట్టు, గోవా విజయము

హైదరాబాదులో ఫుట్‌బాల్ అనగానే పెద్దలకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు జ్ఞప్తికి వచ్చుదురు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకమును పొందినది. 1963లో రహీమ్ గారు కీర్తిశేషులైరి. అటుపిమ్మట నగరమున ఆ ఆట క్రమముగా క్షీణించినది.

అది మరల తలయెత్తినది పాతబస్తీలో కాదు, సాఫ్ట్‌వేరు కార్యాలయముల నడుమ. పుణె జట్టు రద్దు కాగా దాని స్థానమున 2019లో ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాద్ ఎఫ్.సి. వెలసినది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియము దాని సొంతయిల్లు. కలకత్తాలో ఆడిన మొదటి ఆటలోనే 5-0తో పరాజయము! తరువాత గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచినను ఆ సంబరము నిలువలేదు. మొత్తము 18 ఆటలలో గెలిచినవి రెండు, ఓడినవి 12. పది జట్లలో కడపటి స్థానము.

2020లో స్పెయిను దేశీయుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చెను. పేరుమోసినవారికై వెదకక, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులను నమ్మి మైదానమునకు పంపెను. కోవిడ్ కారణమున ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. ఆ యేడు జట్టు ఐదవ స్థానమున నిలిచినది. రాణించిన కొలాసోను అంతలోనే కలకత్తా జట్టు తీసికొనిపోయినది. 2021-22లో నైజీరియా వీరుడు ఒగ్‌బెచె 18 గోలులు కొట్టగా, మనవారు 38 పాయింట్లతో రెండవ స్థానము పొంది, సెమీఫైనలులో కొలాసో ఉన్న ఆ కలకత్తా జట్టునే రెండు ఆటలలో కలిపి 3-2తో ఓడించిరి.

2022 మార్చి 20న మడ్‌గావ్‌లోని ఫతోర్డా మైదానమున ఫైనలు. ప్రత్యర్థి మరల కేరళయే. ఇరు జట్లదియు పసుపు రంగే. ఆ రాత్రి ఆ రంగు దుస్తులు మనవారికి దక్కినవి. గ్యాలరీలలో పసుపు ధరించినవారు మాత్రము మిక్కిలిగా కేరళీయులు. 68వ నిమిషమున రాహుల్ కేరళకు గోలు చేసెను. ఇక కథ ముగిసినదనుకొనుచుండగా 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరము నుండి కొట్టిన బంతి వలలో పడినది. అదనపు సమయమున ఎవరికిని గోలు రాలేదు. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి బంతులను ఆపివేసెను. 3-1తో విజయము మనది.

తవోరా, కట్టిమణి ఇరువురును గోవావారే. చివరి పెనాల్టీని గోలు చేసిన నర్జారీ అస్సాము వాడు. అయినను ఆ రాత్రి మేము వారిని మనవాళ్లనియే అనుకొంటిమి. గచ్చిబౌలి ప్రేక్షకులు ఆ విజేతలను తమ మైదానమున చూచుటకు 2022 అక్టోబరు దాక వేచియుండవలసివచ్చినది.

ఆ వైభవము దీర్ఘకాలము నిలువలేదు. 2023-24లో జట్టు 22 ఆటలలో ఒక్కటే గెలిచి, మరల అట్టడుగునకు చేరినది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది.