ముందు ఆగేది గుండెయా, ఊపిరియా?

తిరువూరు వైపు పల్లెల్లో కట్లపాము కాటును చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. రోగి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. నాడి కొట్టుకుంటూ ఉండగానే ఊపిరి నిలిచిపోతుంది. అటువంటి రోగి పక్కన కూర్చున్న నర్సు దేనిని కనిపెట్టి ఉండాలి? ఇటువంటి ప్రశ్న మీదనే హైదరాబాదులో ఒకప్పుడు గొప్ప వాదం నడిచింది.

అక్కడి సమస్య విషం కాదు, క్లోరోఫాం. 1847లో సింప్సన్ దీనిని వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక, కాలిగోరు తీయడానికి మత్తు ఇస్తుండగా మరణించింది. ముందు ఆగినది గుండె అని కొందరు, ఊపిరి అని కొందరు వాదించారు. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ రెండవ పక్షం. నాడిని వదలి శ్వాసనే చూడమని శిష్యులకు బోధించేవాడు. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ ఆ పాఠశాల విద్యార్థినియే. 1889లో నిజాం ఇచ్చిన వెయ్యి పౌండ్లతో లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి పంపింది. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, ఆ సంఘం లారీ మాటే నిజమన్నది.

అది సగం నిజమే. తేలికపాటి మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. నాడిని వదలమనడం లారీ చేసిన పొరపాటు.

నేను చేసినది దానికి తలకిందులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బాలింత జ్వరంతో ఉన్న ఒక తల్లి రక్తపోటు, నాడి చూసి, పరవాలేదనుకొని పక్క మంచానికి వెళ్లాను. "శ్వాస 36 ఉందండీ, డాక్టరుగారూ" అన్నారు సిస్టరు. విన్నాను, ఆగలేదు. చీము విషం రక్తంలోకి చేరినప్పుడు, రక్తపోటు పడిపోవడానికి గంటల ముందే శ్వాస వేగం పెరగవచ్చు. తెల్లవారేసరికి ఆ తల్లి మాకు దక్కలేదు.

ఆ తరువాత ఏ వార్డుకు వెళ్లినా చార్టులో శ్వాస గడినే ముందు చూసేవాడిని. అన్ని మంచాలకూ 20 అని వరుసగా రాసి ఉంటే, ఎవరూ లెక్కించలేదని అర్థం.

మీ ఇంట రోగి ఉంటే మీరూ లెక్కించవచ్చు. నిమిషం నిండా, రోగికి చెప్పకుండా లెక్కించండి. చెబితే శ్వాస తీరు మారిపోతుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి 12 నుండి 20 సహజం. 25 దాటితే తెల్లవారేదాకా ఆగవద్దు.