పాత విల్లు వయస్సు: చూడవలసినవి, నమ్మరానివి

తిరువూరుకు ఉత్తరాన ఖమ్మం, భద్రాచలం వైపు కోయల అడవులున్నవి. దక్షిణాన కొండపల్లి కోట ఉన్నది. ఆ కోట కుతుబ్ షాహీల చేతిలో ఉండి, 1687లో గోల్కొండ పతనంతో మొగలుల పాలైంది. కాబట్టి ఈ ప్రాంతంలో అటకమీది నుంచి ఒక పాత విల్లు దిగితే అది అడవి విల్లైనా కావచ్చు, కోట విల్లైనా కావచ్చు. అమ్మేవాడు మాత్రం ప్రతిదాన్నీ "గోల్కొండ నాటిది" అంటాడు. ఆ ఒక్క మాటతో ధర పెరుగుతుంది.

మొదట చూడవలసింది విల్లు దేనితో చేశారన్నది. మొగలు, దక్కను సేనల విల్లు కేవలం కట్టె కాదు. నడుమ కట్టె, విలుకాని వైపు కొమ్ము పొర, వెలుపలి వైపు పశువుల నరాల పొర, వీటిని కలిపే జిగురు, పైన లక్క పూత. నారి విప్పితే అది ఎదురు దిక్కుకు వంగిపోతుంది. ఇది తెలియనివారు ఆ వంపునే అసలు వంపనుకొని నారి ఎక్కించబోయి విరిచేస్తారు. చెమ్మకు జిగురు వదలడం వల్లనే హిందూస్థానంలో ఉక్కు విల్లులు కూడా వాడుకలోకి వచ్చాయి.

ఒంటి కట్టె విల్లును తక్కువగా చూడరాదు. హిజాజ్ అరబ్బుల విల్లు నబ్అ, షౌహత్ వంటి చెట్ల కట్టెతో చేసినదే. కోయల వెదురు విల్లు తరతరాలుగా ఒకే తీరున వస్తున్నది. అందుచేత ఆకారాన్ని బట్టి దాని సంవత్సరం చెప్పడం సాధ్యం కాదు. పిడి దగ్గర అరుగుదల, నారి ఒరిసిన గాడి, పగులు లోపలి రంగు చూడాలి. పైన ముదురు రంగు, పగులులో పచ్చి తెలుపు ఉంటే అనుమానించవలసిందే.

ఇక రాతలు. ఉస్మానీ తుర్కుల విల్లులపై తయారీదారు పేరు, హిజ్రీ సంవత్సరం తరచు కనిపిస్తాయి. ఇక్కడ చదువుకున్నవారు సైతం పొరపడతారు. 1190కి 622 కలిపి 1812 అంటారు. హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే గనుక 1190 మొదలైంది 1776 ఫిబ్రవరిలో. తేడా 36 ఏళ్లు! పైగా అరబీ లిపిలో సున్న ఒక చుక్క మాత్రమే. లక్క రాలితే అదీ పోతుంది. అసలు పూత మీది తేదీ పూతకు చెందుతుంది, కట్టెకు కాదు. పాత విల్లుకు కొత్త పూత వేయడం కష్టమేమీ కాదు.

కార్బన్ పరీక్ష ఉన్నది కదా అంటారు. 1650–1950 మధ్య కాలానికి అది ఒకే తేదీ ఇవ్వదు, దూరదూరంగా ఉన్న రెండు మూడు కాలాలను చూపుతుంది. 1950ల తర్వాత పెరిగిన కట్టెను మాత్రం అణు పరీక్షల జాడ వల్ల పట్టేస్తుంది. నకిలీని బయటపెట్టడానికి అది చాలు.

పైన పొడి ధాన్యం, అడుగున తడిసిన ధాన్యం ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మందలించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉన్నది. తెలియని వయస్సును తెలిసినట్లు చెప్పి అమ్మడం ఆ ధాన్యపు రాశి వంటిదే. కొనేవాడు కూడా "ఎవరి ఇంటిది, ఎప్పటి నుంచి ఉన్నది" అని అడిగి వ్రాసిపెట్టుకోవాలి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం క్రిందికి వస్తుంది. వ్యక్తులు దాన్ని దేశం దాటించరాదు. విల్లుకు నూనె పూయకుండా, నారి ఎక్కించకుండా, చెమ్మ తగలని చోట అడ్డంగా పడుకోబెట్టి ఉంచాలి.