రెండో పన్ను

అమెరికాలో సర్కారీ బడికి కొత్త గదులు కావాలన్నా, కారుతున్న కప్పు మార్చాలన్నా చాలా రాష్ట్రాల్లో ఓటరు దగ్గరికి వెళ్లాలి. ఇంత అప్పు తెస్తాం, ఇళ్ల మీదా స్థలాల మీదా పన్ను వేసి ఇరవై ముప్పై ఏళ్లలో తీరుస్తాం అని స్కూలు బోర్డు ఊరి ముందు పెడుతుంది. ఊరు సరేనంటేనే అప్పు పుడుతుంది. కాలిఫోర్నియా 1879 రాజ్యాంగం ఇందుకు మూడింట రెండు వంతుల ఓట్లు పడాలంది. 2000 నవంబరులో అక్కడి ప్రజలే ఓటేసి స్కూలు బాండ్లకు ఆ హద్దును 55 శాతానికి దించారు.

వినడానికి బాగుంది. బడి మనది, డబ్బు మనది, నిర్ణయం మనది. కానీ చరిత్రను అంచున నిలబడి చదివే మనలాంటి వాళ్లకు ముందుగా ఒక ప్రశ్న వస్తుంది. ఆ 'మన'లో ఎవరున్నారు? ఊరినంతా అడిగామన్నప్పుడు ఎవరి గడప తొక్కారు, ఎవరి గడప దాటిపోయారు?

దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ప్రజల గడప దాటిపోయారు. 1890లో మిసిసిపీ రాజ్యాంగం ఓటుకు రెండు డాలర్ల తలపన్ను పెట్టింది, చదువు పరీక్ష పెట్టింది. మిగతా దక్షిణాది రాష్ట్రాలు కూడా ఏదో ఒక దారిన ఆ పనే చేశాయి. బడి కట్టివ్వరు. చదువు రాదని ఓటివ్వరు. ఓటు లేదు గనక బడి ఊసెత్తరు. పన్ను మాత్రం వసూలు చేస్తారు.

జార్జియాలోని అగస్టాలో 1897లో నల్లపిల్లల హైస్కూలు మూసేశారు. తెల్ల ఆడపిల్లల హైస్కూలు నడుస్తూనే ఉంది. మా పిల్లలకు లేని హైస్కూలును మా పన్నుతో ఎలా నడుపుతారని ముగ్గురు తండ్రులు కోర్టుకెక్కారు. 1899లో సుప్రీంకోర్టు వాళ్ల మొర తోసిపుచ్చింది.

ఇక మిగిలిన దారి చందా. 1912లో బుకర్ టి. వాషింగ్టన్ అలబామా పల్లెల్లో బడులు కట్టడానికి జూలియస్ రోజెన్‌వాల్డ్ సాయం తీసుకున్నాడు. రోజెన్‌వాల్డ్ సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి, జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం బిడ్డ. సాయానికి షరతుంది: ఊరివాళ్లు తమ వంతు వేయాలి, సర్కారూ వేయాలి. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బడులు లేచాయి. ఉపాధ్యాయుల ఇళ్లు, పనిశాలలు కలుపుకుని అయిన ఖర్చు సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్ సొమ్ము 43 లక్షల పైచిలుకు. నల్లజాతి ప్రజలిచ్చింది 47 లక్షల పైచిలుకు.

ఆ బడులను నేటికీ దాత పేరుతోనే పిలుస్తారు. దాతకన్నా ఎక్కువ ఇచ్చినవాళ్లు కౌలురైతులు, కూలీలు. కొందరు చేనులో ఒక చెక్క పత్తిని బడి పేర విడిచిపెట్టారు. కొందరు కోళ్లమ్మారు. కలప కొట్టి తెచ్చారు, ఒళ్లు వంచి కట్టారు. కట్టాక ఆ స్థలాన్నీ భవనాన్నీ సర్కారు పేర రాసిచ్చారు. మిగతా ఖర్చులో 1 కోటి 81 లక్షలు పన్నుల సొమ్ము. ఆ పన్నులోనూ వాళ్ల చెమట ఉంది. ఒకే బడికి రెండు సార్లు కట్టారన్న మాట.

అంత కట్టినా మాట చెల్లలేదు. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో నల్లపిల్లల మోటన్ హైస్కూలును 1939లో 180 మంది కోసం కట్టారు. 1950 నాటికి 450 మందికి పైగా చేరారు. కొత్త బడి అడిగితే తారుకాగితం చుట్టిన చెక్క షెడ్లు వేశారు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ ముందు నడవగా పిల్లలు సమ్మె చేశారు. వాళ్ల కేసు 1954 నాటి బ్రౌన్ తీర్పులో భాగమైంది. ఇద్దరు పిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టక తప్పని రోజు వచ్చేసరికి, 1959లో ఆ ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ బడులకు పైసా కేటాయించలేదు. సర్కారీ బడులన్నీ మూతపడ్డాయి. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి లేచింది. నల్లపిల్లలకు కౌంటీలో ఐదేళ్లు సర్కారీ బడి లేదు. అవసరమైతే కౌంటీ చేత పన్ను వేయించి అయినా బడులు తెరిపించవచ్చని 1964లో సుప్రీంకోర్టు చెప్పాకే తలుపులు తెరుచుకున్నాయి.

ఓటొచ్చినా కథ తీరలేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 1967-68లో మెక్సికన్ అమెరికన్ల ఎడ్జ్‌వుడ్ ఎక్కువ రేటున పన్ను వేసుకుంటే ఒక్కో విద్యార్థికి స్థానికంగా వచ్చింది 26 డాలర్లు. సంపన్నుల ఆలమో హైట్స్‌లో తక్కువ రేటుకే 333 డాలర్లు. 1973లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో, అమెరికా రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కు కాదంది.

చందా మనకు కొత్త కాదు. జుమ్మా నమాజయ్యాక మసీదు గుమ్మంలో పరిచే రుమాలూ తెలుసు, రసీదు పుస్తకం పట్టుకుని గల్లీలు తిరిగే పెద్దమనిషీ తెలుసు. తాలీం కోసం ఇచ్చిన చెయ్యి గొప్పదే. అయితే ఇక్కడ 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసింది. అగ్గిపెట్టె మీదా సబ్బు మీదా మనమూ పన్ను కడుతున్నాం. ఉర్దూ బడి కప్పు కారుతుంటే ముందు ఆ పన్ను లెక్క అడుగుదాం. చందా సంగతి తర్వాత. చందాకు కృతజ్ఞతలు చెబుతారు, పన్నుకు జవాబు చెప్పాలి. మనకు కావలసింది ఆ జవాబు.