ట్రెడీగర్

ట్రెడీగర్: దక్షిణ వేల్స్‌లో సిర్హౌవి లోయ యెగువభాగమున, పూర్వపు మన్మత్‌షైరున వెలసిన గనుల పట్టణము. ఈ లోయలో 1778లోనే యొక యినుప కర్మాగారము పుట్టెను గాని, పట్టణారంభమును 1800గా గణించుట యుక్తము; సామ్యూల్ హామ్‌ఫ్రే ఆ యేట భాగస్వాములతో గూడి, న్యూపోర్టు చెంత ట్రెడీగర్ హౌసున నివసించు మోర్గన్ వంశీయుల భూమిని కౌలునకు గైకొని కొలుములను నెలకొల్పెను. పట్టణమునకు ఆ భవనము పేరే నిలిచినది. వసతులు చాలక క్రిక్కిరిసిన కార్మికుల యిండ్లలో 1832, 1849 సంవత్సరములందు కలరా చెలరేగగా, మృతులను ఊరికి దూరముగా కెవ్న్ గోలై బీడునేలను పాతిపెట్టిరి. ఆ సమాధులు నేటికిని గలవు.

మొదట కొలుములకొరకే త్రవ్విన బొగ్గు క్రమముగా స్వతంత్ర వ్యాపార ద్రవ్యమై, టీ ట్రిస్ట్, పోచిన్ మున్నగు లోతు గనులు ఏర్పడెను. 1851 నాటి లండన్ మహాప్రదర్శనమునకై పెకలించిన పదునైదు టన్నుల బొగ్గుబండ, తరలింప శక్యముగాక, బెడ్వెల్టీ ఉద్యానమునందే యుండిపోయినది. నడిబొడ్డునగల డెబ్బదిరెండడుగుల పోతయినుప గడియార స్తంభము 1858 నాటిది.

1911 ఆగస్టున యూదుల యంగళ్ళపై ఇచట మొదలైన దాడులు పొరుగు లోయలకును ప్రాకెను. అద్దెలు, ధరలు, సమ్మెల కాలపు కడగండ్లే కారణమని కొందఱు, జాతిద్వేషమని కొందఱు చెప్పుదురు. 1882లో ఐరిష్‌వారిపైనను ఇచటనే దౌర్జన్యము జరిగియుండుటచే, ఆర్థిక కారణ మొక్కటియే చాలదని తోచుచున్నది.

ఈ పట్టణమునకు శాశ్వతకీర్తి కలిగించినది మాత్రము కార్మికుల వైద్య సహాయ సంఘము. దాని స్థాపన 1890 అని సాధారణముగా వ్రాయుదురు. కొందఱు దానిని 1870ల దశకమునకు గొంపోవుదురు. వైద్యుని నిమిత్తము కూలినుండి కొంత మినహాయించు నాచారము గనులలో అంతకు పూర్వమే యుండుటచే ఈ భేదము కలిగియుండవచ్చును. పౌనుకు మూడు పెన్నీలు, అనగా నాటి లెక్కను ఎనుబదియవ వంతు, చెల్లించు కార్మికునకును వాని యాలుబిడ్డలకును వైద్యులు, నర్సులు, మందులు, దంతచికిత్స, కళ్ళజోళ్ళు లభించుచుండెను. దీని యధికారము వైద్యుల చేతులలోగాక, వారిని జీతమునకు గుదుర్చుకొనిన కార్మికుల చేతులలో నుండుట మిక్కిలి గమనింపదగిన విశేషము. 1940ల దశకమునకు పట్టణమున నూటికి దాదాపు తొంబదియైదుగురు దీని పరిధిలో నుండిరి.

1897లో ఇచట జన్మించిన అన్యూరిన్ బెవన్, పదునాల్గవయేడు నిండకమునుపే గనిలోనికి దిగి, కార్మికుల గ్రంథాలయమున చదువు నేర్చి, ఈ సంఘ వ్యవహారములలో ఆరితేరెను. గనిపనివాడైన తండ్రి డేవిడ్, ఊపిరితిత్తులను తినివేయు బొగ్గుధూళి వ్యాధితో 1925లో మరణించినను, నాటి చట్టము దానిని వృత్తివ్యాధిగా నంగీకరింపకుండుటచే కుటుంబమునకు పరిహార మేమియు దక్కలేదు. ఆరోగ్యమంత్రియై ఆ కుమారుడే 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించెను. ఈ సేవకు ప్రేరణము, 1921–24 నడుమ ఇచట వైద్యుడుగా నుండిన ఎ.జె. క్రోనిన్ 1937లో ప్రకటించిన ‘ది సిటడెల్’ నవలయని పలువు రందురు. ప్రజాభిప్రాయమును ఆ నవల కదలించినమాట నిజమే. కాని సంఘమును చిన్ననాటినుండి యెరిగి, దాని నిర్వహణమున పాల్గొనిన బెవనునకు మూలాదర్శము స్వగ్రామమే యనుట సమంజసము.

టీ ట్రిస్ట్ గని 1959లో, పోచిన్ 1964లో మూతపడెను. పిదప పలువురకు జీవనాధారమైన పొరుగూరి ఎబ్బు వేల్ ఉక్కు కర్మాగారము సైతము 2002లో నిలిచిపోయినది. 2011 లెక్కలలో జనసంఖ్య సుమారు 15,000.