హునరుకు తగిన ఇమ్తిహాన్ : బాగ్దాదు చెప్పిన సంగతులు

వృత్తి కోర్సులు నడిపేవారికి అసలు చిక్కు నేర్పడంలో లేదు. నేర్చుకున్నాడా లేదా అని తేల్చడంలో ఉంది. చరిత్ర, వ్యాకరణం వంటి పాఠాలకైతే కాగితం, కలం చాలు. కాని కుట్టుపని, మోటారు మెకానిక్ పని, మందుల దుకాణం పని నేర్చినవాడికి మూడు గంటల రాతపరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తే, ఆ కాగితం చేతిపనికి సాక్ష్యమా, దస్తూరీకి సాక్ష్యమా? ఉర్దూ మీడియంలో చదివిన మన పిల్లలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. చేయి బాగా నడిచే కుర్రవాడు ప్రశ్నపత్రం భాష దగ్గరే ఆగిపోతాడు. భాష వచ్చినవాడు పాసై, దుకాణంలో చేతులు కట్టుకొని నిలబడతాడు. ఇది నిన్న మొన్నటి తగవు కాదు. వెయ్యేళ్ళకు పైబడినది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదువారు దీనిని ఎట్లా ఎదుర్కొన్నారో చదువరులకు మనవి చేస్తాను.

హిజ్రీ 319, అంటే క్రీ.శ. 931. ఖలీఫా ముఖ్తదిర్ పాలన. ఒక వైద్యుని పొరపాటు వలన బాగ్దాదులో సామాన్యుడొకడు చనిపోయాడు. వార్త ఖలీఫా చెవిన పడింది. బజారులో తూకాలను, సరుకులను, వృత్తులవారి నడవడిని చూచే అధికారిని ముహ్తసిబ్ అంటారు. ఆయనకు వెంటనే హుకుం వెళ్ళింది. ఆస్థాన వైద్యుడైన సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి తన చేతిరాతతో చీటీ ఇస్తే తప్ప ఇకమీదట ఎవరూ వైద్యం చేయరాదని ఆ హుకుం. నగరం రెండు ఒడ్డులా కలిపి పరీక్ష పరిధిలోకి వచ్చినవారు 860 మందికి పైచిలుకు. పేరుమోసినవారికి, దర్బారు కొలువులో ఉన్నవారికి మాత్రం మినహాయింపు దొరికింది. మినహాయింపులు ఆ రోజుల్లోనూ ఉన్నాయన్నమాట!

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆ చీటీ. దానిమీద ఒట్టి పాసు, ఫెయిలు అని కాదు, ఇతడు ఏ ఏ పని చేయవచ్చునో అది వ్రాసి ఇచ్చేవారు.

ఆ పరీక్షలకు సంబంధించి ఒక ముచ్చట గలదు. 13వ శతాబ్దంలో వైద్యుల జీవిత చరిత్రలు వ్రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా దానిని నమోదు చేశాడు. మంచి బట్టలు, హుందా అయిన వాలకం గల ఒక ముసలాయన సినాన్ వద్దకు వచ్చాడు. సినాన్ ఆయనను గొప్ప పండితుడనుకొని మర్యాద చేసి, మీ నోట నాలుగు మాటలు వినాలని ఉంది, మీ ఉస్తాద్ ఎవరు అని అడిగాడు. ముసలాయన కాగితంలో చుట్టిన దీనార్లు ముందుంచి ఉన్నమాట చెప్పేశాడు. తనకు చదవడం, వ్రాయడం సరిగా రాదు, పెద్ద సంసారం ఉంది, నోటి దగ్గర కూడు తీయవద్దు అని. సినాన్ నవ్వి అనుమతి ఇచ్చాడు, కాని షరతు పెట్టాడు. తెలియని రోగం జోలికి పోరాదు, చిన్నా చితకా జబ్బులకు తప్ప రక్తం తీయమని గాని విరేచనాలకు గాని చెప్పరాదు. అయ్యా, నా జన్మలో సికంజబీన్, జులాబ్ దాటి పోలేదు అన్నాడు ముసలాయన. (ఈ జులాబ్ మన ఇళ్ళల్లో అనుకొనే విరేచనాల మందు కాదు, గులాబీ నీళ్ళతో చేసే షర్బత్. సికంజబీన్ అంటే సిర్కా, తేనె కలిపి కాచిన పానకం.) మరునాడు ఒక యువకుడు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే మా నాన్నగారి దగ్గర, నిన్న వచ్చినది ఆయనే అన్నాడు. సరే, నీవూ ఆ గీత దాటవద్దు అని పంపాడు సినాన్.

కొందరు దీనిని చదివి, పరీక్ష అంతా నాటకమే కదా అంటారు. నేను ఒప్పుకోను. దీనార్ల మాట అటుంచి, ఆ ముసలాయన చేతిలో ప్రాణాపాయం తెచ్చే పనులేవో వాటిని సినాన్ ఆపేశాడు, షర్బతులను వదిలేశాడు. చదువురాదన్న ఒక్క కారణంతో కూడు తీయలేదు, జాలిపడి కత్తీ ఇవ్వలేదు.

అంతకు దాదాపు నూరేళ్ళ ముందు మందులమ్మే అత్తారులకు జరిగిన పరీక్ష ఇంకా చమత్కారమైనది. బాబక్ తిరుగుబాటును అణచేందుకు సేనాని అఫ్షీన్ 835 నుంచి 837 వరకు దండయాత్రలో ఉన్నాడు. ఆ దండులో మందులమ్మేవారూ ఉన్నారు. ఏ మందడిగినా లేదనకుండా ఏదో ఒకటి అంటగట్టడం వారిలో కొందరి అలవాటని జకరియ్యా అనే వైద్యుడు అతనికి చెప్పాడు. అఫ్షీన్ తన స్వదేశమైన ఉష్రూసనాకు చెందిన ఒక ఇరవై పేర్లు పట్టీగా వ్రాయించి, ఈ మందులు కావాలని అందరి దగ్గరకు మనుషులను పంపించాడు. అవి మందులే కావు! కొందరు తెలియదన్నారు. కొందరు తెలుసునని డబ్బు పుచ్చుకొని తమ కొట్టులో ఉన్నదేదో ఇచ్చారు. తెలియదన్నవారికి అనుమతి పత్రాలు, ఇచ్చినవారికి ఉద్వాసన.

ఈనాటి ఆబ్జెక్టివ్ పరీక్షను దీని పక్కన పెట్టి చూడండి. నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమంటాం. తెలియనివాడు కూడా గుడ్డిగా ఏదో ఒకటి గీస్తాడు, తగిలితే మార్కు. మందుల దుకాణంలో ఏ అలవాటు ప్రమాదమో దానికే ఇక్కడ బహుమతి. తప్పుకు మార్కు కోత పెట్టేది ఇందుకే.

12వ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ ముహ్తసిబ్‌ల కోసం ఒక గ్రంథం వ్రాశాడు. అందులో ఏ వృత్తికి ఆ పరీక్ష విడిగా ఉంది. కంటి వైద్యునికి హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ వ్రాసిన కంటి గ్రంథం మీద ప్రశ్నలు. కంటి పొరలు ఎన్ని, ఏ పొరకు ఏ జబ్బు అని. విరిగిన ఎముకలు కట్టేవానికి ఎముకల సంఖ్య, వాటి ఆకారం తెలియాలి. ఆ గ్రంథంలో సంఖ్య 248 అని ఉంది. నేటి లెక్క 206. రక్తం తీయడం నేర్చుకొనేవాడు మాత్రం బీట్‌రూట్ జాతి ఆకు తీసుకొని, ఆకులోని ఈనెలను కోస్తూ చేయి కుదిరేదాకా సాధన చేయాలి. మనిషి నరం మీద చేయి వేయడం ఆ తరువాతి మాట. ఒకే ప్రశ్నపత్రం ముగ్గురికీ పంచలేదు, చూడండి.

అయితే పుస్తకజ్ఞానం వద్దని వారనలేదు. హకీం రాజీ (925లో మరణించారు) వైద్యునికి ముందు శరీర నిర్మాణం మీదనే పరీక్ష పెట్టమన్నారు. అందులో తప్పినవానిని రోగుల దగ్గరకు తీసుకుపోనక్కర లేదన్నారు. ఆయన మహాగ్రంథం అల్ హావీని మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసిందన్నది మనకు గర్వకారణం. మోతాదు లెక్క, చీటీ మీది పేరు చదవడం వంటివి కాగితం మీదనే తేలుతాయి, అవి తేలనివానికి చేతి నేర్పు ఎంత ఉన్నా మందుల దుకాణం అప్పగించలేము.

మరి చేతిపనిని పరీక్షించేటప్పుడు పక్షపాతం ఎట్లా తప్పించాలి? వైద్య కళాశాలల్లో ఒకప్పుడు ఏ రోగి దొరికాడు, ఏ పరీక్షకుడు కూర్చున్నాడు అన్నదాన్నిబట్టి విద్యార్థి అదృష్టం ఉండేది. స్కాట్లండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన తోటివారు 1975లో ఒక కొత్త పద్ధతి ప్రకటించారు. వరుసగా కొన్ని మకాములు, ఒక్కోచోట ఒక్కో పని, అందరికీ అదే పని, అంతే సమయం. పరీక్షకుని చేతిలో ముందే వ్రాసిన పట్టీ, ఏ ఏ మెట్టు చేశాడో దాని మీదనే మార్కు. నేడు అనేక దేశాల వైద్య పరీక్షలలో ఇది వాడుక.

మనకు పరిచయమైన టైపు పరీక్షా ఇటువంటిదే. ఇచ్చిన పేజీని గడువులోగా కొట్టాలి, తప్పులకు కోత. టైపు మిషను పుట్టుపూర్వోత్తరాల మీద వ్యాసం వ్రాయమని ఎవరూ అడగరు. ఐ.టి.ఐ.లలో కూడా థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు.

కనుక సొసైటీలు, మదరసాలు సొంతంగా నడిపే కుట్టు తరగతుల వంటి చోట్ల సంవత్సరాంతంలో ఏమి చేయవచ్చునో చెబుతాను. కొలతలు లెక్కకట్టే చిన్న కాగితం ఒకటి పెట్టండి, అమ్మాయికి వచ్చిన భాషలో. ఆపైన నాలుగు బల్లలు. ఒకచోట మనిషికి కొలతలు తీయడం, ఒకచోట కత్తిరింపు, ఒకచోట దారం తెగుతున్న మిషనును సరిచేయడం, ఒకచోట చెడిపోయిన కుట్టు విప్పి తిరిగి కుట్టడం. నేర్పిన టీచరు కాక బయటి దర్జీ ఒకరు కూర్చొని పట్టీ చూచి మార్కులు వేయాలి. సర్టిఫికెట్ మీద ఫస్టు క్లాసు, సెకండు క్లాసు అని కాక, సినాన్ చీటీ మాదిరిగా పని పేరు వ్రాయండి: సల్వార్ కమీజు, జాకెట్టు స్వయంగా కుట్టగలదు, షేర్వానీ ఇంకా ఉస్తాద్ దగ్గర నేర్చుకోవలసి ఉంది.